అర్ధరాత్రి ఆవర్జా

‘అప్పజెప్పడం’ అనే మాటను మనం రెండు తావుల వాడుతాము. బడిలో పిల్లవాడు నేర్చిన పాఠాన్ని ఉపాధ్యాయునికి అప్పజెబుతాడు. కొలువులో ఉన్నవాడు తన చేతిమీదుగా నడచిన సొమ్ముకు యజమానికి లెక్క అప్పజెబుతాడు. ఒకటి విద్యకు సంబంధించినది, రెండవది విత్తానికి సంబంధించినది. అయినా రెండింటిలోను ఉన్న ధర్మం ఒక్కటే: చెప్పేవాడొకడు, వినేవాడు మరొకడు. తన పాఠాన్ని తనకే అప్పజెప్పుకొని, బాగున్నదని తానే తల ఊపుకొనే విద్యార్థిని ఏ ఉపాధ్యాయుడూ మెచ్చుకొనడు. లెక్కల తనిఖీకి వాడుకలో ఉన్న ‘ఆడిట్’ అనే మాట సైతం ‘వినుట’ అనే అర్థం గల లాటిను ధాతువునుంచి పుట్టినదే. పూర్వం లెక్కలను బిగ్గరగా చదువుతూ ఉంటే పెద్దలు కూర్చొని వినేవారు గనుక ఆ పేరు వచ్చినది.

ఈ చిన్న ధర్మాన్ని మనం ఎక్కడ మరచిపోతున్నామో చూడవలెనంటే, ఏదైనా ఒక హోటలులో అర్ధరాత్రివేళ కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తాను తలచుకొంటే చాలును. హోటలు అనగానే మన వారికి ముందు స్ఫురించేది ఇడ్లీ, కాఫీ దొరికే చోటు. నేను చెప్పబోయేది అది కాదు. ప్రయాణీకులు గది తీసుకొని బస చేసే హోటలు, మన వాడుకలో లాడ్జి. అందులో రాత్రిపూట పనిచేసే ఉద్యోగికి ‘నైట్ ఆడిటర్’ అని పెద్ద హోటళ్ళలో పేరు. చిన్న లాడ్జిలలో అట్టి పేరేమీ ఉండదు. ‘నైట్ డ్యూటీ’ అంటారు, అంతే. పేరు ఉన్నా లేకపోయినా పని మాత్రం రెండు పాయలుగా ఉంటుంది. వచ్చేవారికి గది చూపడం ఒకటి. ఆనాటి లెక్కను మూసి, మరునాటి లెక్కను తెరవడం రెండవది.

మొదటి పని అందరికీ కనిపించేదే. తిరుపతిలోను, విజయవాడలోను రైల్వే స్టేషను చుట్టుపట్ల ఉన్న లాడ్జిలకు రాత్రి అనేది పగటివలెనే బేరం నడిచే వేళ. అపరాత్రి రైలు దిగి, నిద్రపోతున్న పసిబిడ్డను భుజాన వేసుకొని, ముసలి తల్లిని చేయిపట్టి నడిపించుకొంటూ వచ్చిన వారికి మొదట కనిపించే ముఖం ఈ గుమాస్తాదే. వారి గుర్తింపు పత్రాలు చూడాలి, వివరాలు పుస్తకంలో ఎక్కించాలి, అడ్వాన్సు పుచ్చుకొని రసీదు ఇవ్వాలి. దిగినవారు విదేశీయులైతే 24 గంటల లోపల వారి వివరాలను అధికారులకు పంపవలసిన బాధ్యత కూడా ఉన్నది. నీళ్ళు రావడం లేదని ఒకరు, పక్క గదిలో గోలగా ఉన్నదని మరొకరు అదే మనిషిని పిలుస్తారు. ఇన్నింటి నడుమ రెండవ పని సాగవలసి ఉన్నది.

ఆ రెండవ పనిని గురించి బయటివారికి తెలిసినది తక్కువ. క్యాలెండరు ప్రకారం రోజు రాత్రి 12 గంటలకు ముగుస్తుంది. హోటలులో అట్లా కాదు. గుమాస్తా ఆనాటి పద్దులన్నీ సరిచూచి మూసినప్పుడే ఆ రోజు ముగిసినట్లు. ఒంటిగంటకు వచ్చి దిగిన మనిషి క్యాలెండరు ప్రకారం సోమవారం వచ్చినవాడు కావచ్చు. లెక్క ఇంకా మూయకపోతే చిట్టా ప్రకారం ఆదివారం వచ్చినవాడే. ఒక దినానికి ముగింపు వ్రాసే అధికారం మన సమాజంలో ఎంత తక్కువ జీతం గల మనిషి చేతిలో ఉన్నదో గమనించండి.

ఆ ముగింపు ఎట్లా వ్రాస్తారో విద్యార్థుల కోసం ఒక ఉదాహరణ చెబుతాను. ఒక లాడ్జిలో 40 గదులు ఉన్నవనీ, అందులో 31 నిండినవనీ అనుకొందాం. గదికి రోజుకు 1,200 రూపాయలు అద్దె. మొత్తం 37,200. రోజుకు 7,500 రూపాయలు మించని గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను నూటికి 5 వంతులు గనుక, దానిపై పన్ను 1,860. రెండూ కలిపి 39,060. గదులకు పంపిన భోజన ఫలహారాల పద్దు పన్నుతో సహా 4,240. కాగా ఆనాడు అతిథుల ఖాతాలకు వ్రాసినది 43,300. నిన్నటినుంచి వారు బాకీ ఉన్నది 18,500. మొత్తం 61,800. ఆనాటి వసూలు నగదు రూపంగాను, కార్డులపైన, ఫోను ద్వారాను కలిపి 40,300. ఇక మిగిలిన బాకీ 21,500 ఉండాలి. ఇది మొత్తాలనుంచి తేలిన అంకె. ఇప్పుడు ఒక్కొక్క గది ఖాతా తీసి, ఎవరెవరు ఎంతెంత బాకీ ఉన్నారో విడివిడిగా కూడాలి. ఆ కూడికకు కూడా 21,500 రావాలి. వస్తే లెక్క కుదిరినట్లు.

రాదు. 20,600 వచ్చినది. 900 రూపాయలు తేడా. ఇక్కడ అనుభవం గల గుమాస్తా కంగారుపడడు. తేడాను 9 చేత భాగించి చూస్తాడు. శేషం లేకుండా పోతే, ఎక్కడో రెండంకెలు తారుమారు అయినవని అనుమానిస్తాడు. 54 ను 45 గా వ్రాసినా, 81 ని 18 గా వ్రాసినా, వచ్చే తేడా ఎప్పుడూ 9 కి గుణిజమే. కారణం ఎనిమిదో తరగతి బీజగణితంలో ఉన్నది: పదుల స్థానంలోని అంకె ఒకట్ల స్థానానికి దిగితే పదింటిలో ఒకటి మిగిలి, తొమ్మిది పోతుంది. వెదకగా, 4,500 రూపాయల వసూలును ఒక గది ఖాతాలో 5,400 గా జమ వేసినట్లు బయటపడుతుంది. తేడా 9 చేత పోకపోతే, దానిని సగం చేసి ఆ సగానికి సరిపోయే పద్దును వెదకుతాడు. జమ వైపు వ్రాయవలసిన దానిని ఖర్చు వైపు వ్రాస్తే తేడా రెండింతలవుతుంది గదా! కామర్సు తరగతిలో అంకణా కుదరక తల పట్టుకొన్న విద్యార్థికి ఈ చిట్కాలు క్రొత్తవి కావు. కాని పరీక్షలో తేడా మార్కులతో పోతుంది. ఇక్కడ తెల్లవారి గది ఖాళీ చేసే మనిషి దగ్గర 900 రూపాయలు తక్కువగా వసూలవుతుంది. ఆ తక్కువ ఎవరి మెడకు చుట్టుకొంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది అంకెల నేర్పు. అసలు విషయం దీనికి అవతల ఉన్నది. కుదిరిన లెక్క అంతా నిజమైన లెక్క కాదు. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ వివరించాడు. ఆయన దానిని కనిపెట్టినవాడు కాదు. అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని గ్రంథస్థం చేసినవాడు. ఆనాటినుంచి నేటి కంప్యూటరు వరకు ఆ విధానానికి గల బలం ఒకటే, బలహీనత ఒకటే. ఒక వైపు వ్రాసి రెండవ వైపు మరచినా, రెండు వైపుల వేర్వేరు మొత్తాలు వ్రాసినా అది పట్టిస్తుంది. కాని రెండు వైపులా ఒకే అబద్ధం వ్రాస్తే, లేదా రెండు వైపులా ఏమీ వ్రాయకపోతే, అది నోరు మెదపదు.

హోటలులో ఈ రెండవ దోషం ఎట్లా ఉంటుందో చూడండి. అర్ధరాత్రి ఒకడు వచ్చి గది అడుగుతాడు. పుస్తకంలో పేరు ఎక్కకుండా గది తాళం ఇచ్చి, నగదు పుచ్చుకొని, తెల్లవారకముందే పంపివేస్తే, అద్దె పద్దు లేదు, వసూలు పద్దు లేదు. లెక్క ముక్కాలువీసం తేడా లేకుండా కుదురుతుంది. అది కాకిలెక్క కూడా కాదు. చక్కగా గీతలు గీసిన, అందమైన అబద్ధం. దానిని పట్టించేది అంకెలు కావు, దుప్పట్లు. గదులు శుభ్రం చేసేవారు ఉదయం వ్రాసి ఇచ్చే పట్టీలో 32 గదులలో పక్కలు నలిగి ఉన్నవని ఉండి, పుస్తకంలో 31 మాత్రమే ఉంటే, అప్పుడు ప్రశ్న పుడుతుంది. దీనికి తలక్రిందులుగా కూడా జరుగుతుంది. పుస్తకంలో మనిషి ఉంటాడు, గదిలో ఉండడు. బాకీ తీర్చకుండానే వెళ్ళిపోయి ఉంటాడు. ఏ పుస్తకమూ తనంతట తాను ఈ సంగతి చెప్పలేదు. రెండు వేర్వేరు చేతులు వ్రాసిన రెండు పట్టీలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచే మూడవ కన్ను ఒకటి కావాలి.

ఈ కన్నుకు బదులు యంత్రాన్ని పెట్టాలనే కోరిక నేటిది కాదు. 1879లో అమెరికాలోని డేటన్ నగరంలో జేమ్స్ రిట్టీ అనే మద్యశాల యజమాని, తన పనివారు సొమ్ము కాజేస్తున్నారనే బాధతో, పుచ్చుకొన్న ప్రతి మొత్తాన్నీ చూపించే గల్లాపెట్టె యంత్రాన్ని తయారుచేయించి హక్కు పత్రం పొందాడు. ‘చెడగొట్టరాని క్యాషియరు’ అని దానికి పేరు పెట్టాడు. పేరు గొప్పగానే ఉన్నది. కాని మీట నొక్కితేనే గదా యంత్రానికి తెలిసేది! నొక్కని మీటను గూర్చి ఆ యంత్రానికి ఎంత తెలుసునో, ఎక్కించని అతిథిని గూర్చి ఈనాటి కంప్యూటరుకు కూడా అంతే తెలుసును. కంప్యూటరు వచ్చిన తరువాత కూడికలు తప్పడం పోయినది; ఇది నిజంగా గొప్ప మేలు. అయితే, తేదీ మార్చే మీట నొక్కగానే లెక్క ముగిసినదనే భ్రమ కూడా దానితోనే వచ్చినది. మీట నొక్కడం ఒక్క నిమిషం పని. నొక్కేముందు చూడవలసినవి చూడడం మూడు గంటల పని. యజమానులు ఆ నిమిషానికే జీతం ఇస్తున్నాము అనుకొంటున్నారు. ఆ మూడు గంటలను లెక్కలోకి తీసుకొనడం లేదు.

చిన్న లాడ్జిలలో జరుగుతున్న అన్యాయానికి మూలం ఇక్కడే ఉన్నది. రాత్రివేళ గది ఇచ్చేవాడు, సొమ్ము పుచ్చుకొనేవాడు, పుస్తకం వ్రాసేవాడు, ఆ పుస్తకాన్ని తనిఖీ చేసేవాడు, వీధి తలుపు కాచేవాడు, అందరూ ఒక్కడే. తనకు తానే పాఠం అప్పజెప్పుకొనే విద్యార్థి స్థితి అతనిది. ఈ ఏర్పాటువల్ల దొంగకు అవకాశం చిక్కుతుందని అందరికీ తోస్తుంది. నా వాదం అది కాదు. ఈ ఏర్పాటువల్ల ఎక్కువ నష్టపడేవాడు దొంగ కాడు, నిజాయితీపరుడు. దొంగకు సాక్షి లేకపోవడం లాభం. నిజాయితీపరునికి సాక్షి లేకపోవడం శాపం. ఉదయం పెట్టెలో 500 రూపాయలు తక్కువైతే, తాను తీయలేదని అతడు దేనితో రుజువు చేయగలడు? వ్రాసినదీ అతడే, చూచినదీ అతడే. అతని మాట తప్ప అతనికి వేరొక ఆధారం లేదు. అందుచేత రెండవ మనిషి చూపును కోరడం గుమాస్తాను అవమానించడం కాదు. అతని మంచి పేరుకు కాపలా పెట్టడం.

అట్టి తేడా వచ్చినప్పుడు విచారణ లేకుండా జీతంలో కోత వేసే అలవాటు చాలచోట్ల ఉన్నది. ఇది చట్టం ఒప్పుకొన్నది కాదు. ఉద్యోగి చేతికి అప్పగించిన సొమ్ము తక్కువైతే, ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యంవల్ల గాని, తప్పిదంవల్ల గాని కలిగినప్పుడే కోత వేయవచ్చుననీ, అంతకుముందు అతడు తన సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వవలెననీ 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పినది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల స్మృతిలో కూడా ఆ నియమం నిలిచినది. డిగ్రీ పుచ్చుకొని ఈ ఉద్యోగాలలో చేరే మన యువకులలో ఎందరికి ఈ సంగతి తెలుసును? జమ ఖర్చులు నేర్పిన మనం, జమ ఖర్చులు వ్రాసేవాని హక్కులు నేర్పలేదు.

ఇక రాత్రి సంగతి. ‘నైట్ డ్యూటీలో పనేమీ ఉండదు, చదువుకోవచ్చు’ అని పోటీ పరీక్షలకు చదివే కుర్రవాళ్ళకు ఆశ చూపిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. రెండు గంటలనుంచి నాలుగు గంటలవరకు కౌంటరు దగ్గర సందడి ఉండదు. కాని ఆ రెండు గంటలే మనిషి దేహం నిద్రకోసం గట్టిగా అడిగే వేళ. దేహంలోని ఈ కాలగతి ఏ విధంగా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్బాష్, మైకేల్ యంగ్ అనే శాస్త్రజ్ఞులకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో ఒకసారి, 2019లో మరొకసారి పరిశీలించి, రాత్రి పనిని మానవులకు బహుశా క్యాన్సరు కలిగించే వాటి తరగతిలో చేర్చినది. రాత్రి పని చేసిన ప్రతివానికీ ఆ వ్యాధి వస్తుందని దీనికి అర్థం కాదు. కాని దీనిని ఊరక కూర్చుండే ఉద్యోగంగా లెక్కకట్టడం తగదని మాత్రం అర్థమున్నది. 1990లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన ఒడంబడిక కూడా, అర్ధరాత్రినుంచి ఉదయం 5 గంటలవరకు గల కాలం కలిసివచ్చేటట్లు వరుసగా 7 గంటలకు తక్కువ కాకుండా చేసే పనిని రాత్రి పనిగా నిర్వచించి, అట్టివారి ఆరోగ్య పరీక్షకు, తగిన ప్రతిఫలానికి ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉండవలెనన్నది. దేహం నిద్ర అడుగుతున్న వేళ, మనస్సు అంకెలను వడపోయాలి. ఈ పోరాటం జీతపు పట్టీలో ఏ గడిలోనూ కనబడదు.

ఇందుకు యజమానుల సమాధానం ఒకటి ఉన్నది. దానిని తోసివేయడం న్యాయం కాదు. ‘నలభై గదుల లాడ్జికి రాత్రి ఇద్దరు గుమాస్తాలను పెట్టితే మిగిలేదేమిటి?’ అని వారు అడుగుతారు. నిజమే, చిన్న వ్యాపారానికి అది భారం. అయితే రెండవ చూపు అనగా రెండవ జీతమని అర్థం కాదు. రాత్రి పనిలోకి వచ్చేటప్పుడు, తిరిగి పోయేటప్పుడు పెట్టెలోని నగదును ఇద్దరు కలిసి లెక్కించి, ఇద్దరూ సంతకం చేయడానికి పది నిమిషాలు చాలును. గదుల పట్టీని శుభ్రం చేసేవారే వ్రాసి, నేరుగా పగటి అధికారికి ఇవ్వడానికి ఖర్చు ఏమీ లేదు. రాత్రి మూసిన లెక్కను ఉదయం మరొకరు చదవాలి. కేవలం మొత్తం చూచి మడిచివేయడం కాదు, కొన్ని పద్దులనైనా తీసి రసీదులతో పోల్చి చూడాలి. గుమాస్తాకు అనుమానం తోచినచోట ‘ఇది నాకు తెలియలేదు’ అని వ్రాసే గడి ఒకటి పుస్తకంలో ఉండాలి. అట్లా వ్రాసినందుకు అతనిని చీవాట్లు పెట్టరాదు. తేడాను దాచిపెట్టి కుదిర్చిన లెక్కకన్న, తేడాను చూపించి ఆగిన లెక్క వేయిరెట్లు మేలు. కెమెరాలు పెట్టినాము గదా అని కొందరు అంటారు. కెమెరా జరిగినదానిని చూపుతుంది. జరిగినది సరియా కాదా అని అడగదు. అడగడం మనిషి పని.

ఈ విషయాన్ని హోటలు యజమానుల సంఘాలకు కాక, ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఎందుకు చెప్పవలసివచ్చినదని మీరు అడుగవచ్చును. మన కామర్సు తరగతులలో చిట్టా, ఆవర్జా, అంకణా అన్నీ చెబుతాము. ఇచ్చిన అంకెలతో లెక్క కుదిర్చినవానికి పూర్తి మార్కులు వేస్తాము. ఇవ్వని అంకెను గూర్చి అడిగినవానికి వేసే మార్కులు లేవు. అంకణా బయటపెట్టలేని తప్పులు కొన్ని ఉన్నవని పాఠ్యపుస్తకంలో ఒక పుట ఉంటుంది. విద్యార్థులు దానిని కంఠస్థం చేసి, పరీక్షలో వ్రాసి మరచిపోతారు. ఆ పుటలో ఉన్నది కేవలం గణకశాస్త్రం కాదు, లోకవ్యవహారం. నలిగిన దుప్పటి ఒకటి, పుస్తకంలో లేని పేరు ఒకటి పెట్టి ఆ పాఠం చెప్పి చూడండి. పిల్లలు జీవితాంతం మరచిపోరు. ఒక లెక్క ఇచ్చి దానిని చేయమనడానికి బదులు, కుదిరిన లెక్క ఒకటి ఇచ్చి అందులో దాగిన అబద్ధాన్ని వెదకమనండి. కూడికలు యంత్రం చేస్తున్న ఈ రోజులలో మన పిల్లలకు మిగిలిన పని ఈ వెదకడమే.

అట్లాగే, ఈ ఉద్యోగంలో ఉన్న యువకునికి ఒక మాట. నీవు చేస్తున్నది కాపలా పని కాదు. ఒక దినంలో జరిగినదంతా నీ చేతిలో అక్షరబద్ధమవుతున్నది. తెల్లవారి గది ఖాళీ చేసే అపరిచితుడు, నీవు చూపిన బిల్లును చాలవరకు చదవకుండానే డబ్బు చెల్లిస్తాడు. అతని ఆ నమ్మకానికి నీవే ధర్మకర్తవు. అందుచేత నీ లెక్కను వినే మరొకరిని అడిగి తీసుకో. సంతకం లేని నగదును పుచ్చుకొనకు, సంతకం లేకుండా అప్పగించకు. ఇది యజమానిపై తిరుగుబాటు కాదు, వృత్తిధర్మం.

లెక్క అనేది ఒకడు వ్రాసుకొని దాచుకొనే వస్తువు కాదు, ఇంకొకరికి వినిపించవలసిన మాట. వినేవారు లేని చోట ఎంత నిజం వ్రాసినా అది సగం నిజంగానే మిగిలిపోతుంది. రాత్రి గుమాస్తా తన సగం పని చేస్తూనే ఉన్నాడు. మిగిలిన సగం పగటివారిది.